సాల్టన్ ఒడ్డు దుమ్ము, అడుగున లిథియం

(ఎవరి గాలి, ఎవరి వెలుగు: 7వ భాగం)

షికాగో నగరంలోని లిటిల్ విలేజ్ అనే మెక్సికన్ పేటలో క్రాఫర్డ్ బొగ్గు విద్యుత్ కేంద్రం 2012లో మూతపడింది. 2020 ఏప్రిల్‌లో దాని పొగగొట్టాన్ని పేల్చి కూలిస్తే ఆ వాడ దుమ్ములో మునిగిపోయింది. కిందటి భాగంలో ఆ కథ చెప్పుకున్నాం. పాత ఇంధనం పోతూ పోతూ లాటినో వాడలకు ఏం మిగిల్చిందో అక్కడ చూశాం. కొత్త ఇంధనం వస్తూ వస్తూ ఏం తెస్తోందో తెలియాలంటే కాలిఫోర్నియా దక్షిణపు కొసకు, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ఇంపీరియల్ లోయకు వెళ్ళాలి.

ఆ లోయలో కాలిపాట్రియా అని ఒక చిన్న ఊరుంది. ఊరి మధ్య 184 అడుగుల జెండా స్తంభం నిలబెట్టారు. ఊరు సముద్రమట్టానికి 184 అడుగుల దిగువన ఉంది కాబట్టి, కనీసం జెండా అయినా సముద్రమట్టం దగ్గర ఎగరాలని అంత ఎత్తు పెట్టారు. అక్కడి నుంచి వాయవ్యంగా పోయేకొద్దీ నేల ఇంకా కిందికి జారి సాల్టన్ సరస్సులో కలుస్తుంది. కాలిఫోర్నియాలో అన్నిటికంటే పెద్ద సరస్సు ఇదే. దీనిలోకి నీళ్ళు రావడమే తప్ప బయటికి పోయే దారి లేదు. పొలాల్లోంచి వచ్చే ఎరువు, పురుగుమందు, సరిహద్దు అవతలి మెక్సికాలీ నగరపు మురుగుతో న్యూ రివర్ అనే నది మోసుకొచ్చినదంతా ఇక్కడే దిగబడిపోతుంది. నీళ్ళు ఎండకు ఆవిరైతే మిగతాది అడుగున పేరుకుంటుంది.

ఇంపీరియల్ కౌంటీ జనాభా సుమారు 1,80,000. అందులో నూటికి 85 మంది దాకా లాటినోలు, ఎక్కువగా మెక్సికో మూలాలున్నవాళ్ళు. నిరుద్యోగం రాష్ట్రంలోనే కాదు, దేశంలోనే అత్యధికంగా ఉండే కౌంటీల్లో ఇదొకటి. వానలు ఏడాదికి మూడు అంగుళాలు కూడా పడవు. అయినా చలికాలంలో అమెరికా తినే లెట్యూస్, బ్రకోలీ, క్యారెట్లలో పెద్ద వాటా ఇక్కడి నుంచే పోతుంది. నీళ్ళెక్కడివంటే, కొలరాడో నదివి. ఈ లోయ నీటిపారుదల సంస్థ ఇంపీరియల్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్‌కు ఆ నదిలో ఏటా 31 లక్షల ఎకరా అడుగుల హక్కు ఉంది. మన లెక్కలో 135 టీఎంసీలు. కొలరాడో నీటిని వాడుకునేవాళ్ళలో ఇంతకు మించినవాళ్ళు లేరు.

ఈ నీళ్ళ కథ దగ్గర కాస్త ఆగాలి. ఈ లోయ అడుగున ఉన్న బ్యాటరీ ఖనిజం లిథియం పేరుతో ఈనాడు జరుగుతున్నది ఇక్కడ ఒకసారి జరిగిపోయింది. అప్పుడు వచ్చిన పెట్టుబడి పేరు కాలువ.

1901లో ఒక ప్రైవేటు కంపెనీ కొలరాడోకు గండి కొట్టి ఎడారిలోకి నీళ్ళు తెచ్చింది. పూడిక పేరుకుంటుంటే, మెక్సికో భూభాగంలో తూము కూడా కట్టకుండా మరో గండి కొట్టింది. 1905లో వరదలొచ్చి ఆ గండి తెగింది. నది మొత్తం దారి మార్చుకుని పల్లంలోకి దూకింది. 1907 ఫిబ్రవరిలో సదర్న్ పసిఫిక్ రైల్వే సంస్థ బండరాళ్ళు దించి గండి పూడ్చేదాకా పారుతూనే ఉంది. ఇప్పటి సాల్టన్ సరస్సు అలా పుట్టింది. తరతరాలుగా ఆ పల్లాన్ని ఎరిగి బతికిన కవియా తెగల్లో టోరెస్ మార్టినెజ్ వారి భూమి వేల ఎకరాలు నీటి కిందికి పోయింది.

ఆ తర్వాత ప్రభుత్వం దిగింది. 1928 చట్టంతో హూవర్ డ్యాం, ఆల్ అమెరికన్ కాలువ మంజూరయ్యాయి. 1940 నుంచి ప్రభుత్వ ధనంతో తవ్విన ఆ కాలువ లోయకు నీళ్ళిచ్చింది. అయితే ప్రభుత్వ ప్రాజెక్టు నీళ్ళకు 1902 నాటి చట్టంలో ఒక షరతు ఉంది. ఒక్కో యజమానికి 160 ఎకరాల వరకే నీరు. జనం సొమ్ముతో పారే నీళ్ళు చిన్న కమతాలకు అందాలన్నది దాని ఉద్దేశం. ఆ షరతు ఇంపీరియల్ లోయలో ఒక్క రోజు కూడా అమలు కాలేదు. 1933 ఫిబ్రవరిలో, హూవర్ ప్రభుత్వం దిగిపోవడానికి కొద్ది రోజుల ముందు, అంతర్గత వ్యవహారాల శాఖ మంత్రి రే లైమన్ విల్బర్ ఒక లేఖ రాశారు. అప్పటికే సాగులో ఉన్న ఈ లోయ భూములకు పరిమితి వర్తించదన్నది దాని సారాంశం. ఒక్క ఉత్తరంతో పని అయిపోయింది.

ఆ ఉత్తరాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడినవాడు బ్రాలీ పట్టణపు డాక్టరు బెన్ యెలెన్. పొలం కూలీలకు వైద్యం చేసిన మనిషి. వాళ్ళ ఒళ్ళు చూసి లోయ గుట్టు తెలుసుకున్నవాడు. పెద్ద భూస్వాముల మీద తానే కరపత్రాలు అచ్చువేసి పంచాడు. కేసు దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో బ్రయంట్ వర్సెస్ యెలెన్ తీర్పులో డాక్టరు పక్షం ఓడిపోయింది. 160 ఎకరాల షరతు ఇక్కడ చెల్లదని కోర్టు తేల్చేసింది. కాలువ అందరి డబ్బుతో వచ్చింది, లాభం పెద్ద కమతాలకు చేరింది.

ఆ కమతాల్లో పని చేసినవాళ్ళలో మనకు దగ్గరివాళ్ళు కూడా ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబు నుంచి వచ్చిన రైతులు ఈ లోయలో పత్తి, పుచ్చ పండించారు. 1913 చట్టం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళకు భూమి దక్కకుండా చేసింది. ఇంటి నుంచి భార్యను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. వాళ్ళలో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడారు. రోటీ, తొర్తియా ఒకే పొయ్యి మీద కాలిన ఇళ్ళు అవి. వెస్ట్‌మోర్లాండ్‌లో వ్యవసాయం చేసిన దలీప్ సింగ్ సౌంద్, పౌరసత్వం దక్కాక, 1956లో ఇక్కడి నుంచే గెలిచి అమెరికా కాంగ్రెసులో అడుగుపెట్టిన తొలి ఆసియా సంతతి సభ్యుడయ్యాడు. ఈ లోయ చరిత్ర చదివేటప్పుడు మనకు గర్వపడబుద్ధయ్యే పేజీ అదొక్కటే.

మిగతా పేజీలన్నీ మెక్సికన్ కూలీలవి. 1928లో కర్బూజా కోతల్లో సమ్మె కట్టారు, అరెస్టులతో అణిచారు. 1930లో, 1934లో లెట్యూస్ పొలాల్లో మళ్ళీ లేచారు. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో పథకం కింద మెక్సికో నుంచి ఒప్పందపు కూలీలను తెచ్చారు. ఎల్ సెంత్రోలో వాళ్ళను వరుసలో నిలబెట్టి పరీక్షించి పొలాలకు పంపారు. వాళ్ళ చేతికిచ్చిన పార పిడి మూరెడుకు మించదు. స్పానిష్‌లో దాన్ని ఎల్ కోర్తీతో అనేవారు. పొట్టి పిడి కాబట్టి పొద్దున వంగిన నడుం సాయంత్రం దాకా లేవదు. ఎవరు నిలబడ్డారో మేస్త్రీకి దూరం నుంచే కనబడుతుంది. వెన్నులు దెబ్బతిన్నాక, పెద్ద పోరాటం తర్వాత, 1975లో కాలిఫోర్నియా ఆ పారను నిషేధించింది. 1979 ఫిబ్రవరి 10న లెట్యూస్ సమ్మెలో రుఫినో కొంత్రేరాస్ అనే కూలీ పొలంలోనే తూటాకు బలయ్యాడు.

ఇప్పటికీ మెక్సికాలీ నుంచి కూలీలు అర్ధరాత్రి దాటగానే బయల్దేరి సరిహద్దు తనిఖీ వరుసలో నిలబడతారు. తెల్లవారకముందే సరిహద్దు ఇవతలి కాలెక్సికో వీధుల్లో, వెనక మరుగుదొడ్ల బండి తగిలించుకున్న బస్సులెక్కి పొలాలకు పోతారు.

సరస్సు ఎండడం ఈ కథలో రెండో మలుపు. 2003లో ఇంపీరియల్ లోయ తన నీళ్ళలో కొంత సాన్ డియేగో కౌంటీకి అమ్మేందుకు ఒప్పందం కుదిరింది. పూర్తిస్థాయిలో ఏటా 2 లక్షల ఎకరా అడుగులు, అంటే దాదాపు 9 టీఎంసీలు. నీళ్ళు మిగల్చడానికి పొలాలు బీడు పెట్టిన యజమానులకు పరిహారం ముట్టింది, ఆ పొలాల్లో పని పోయిన కూలీకి పని పోవడమే మిగిలింది. పొలాల మురుగునీరే సరస్సుకు ఆధారం కాబట్టి, పొలాలకు నీరు తగ్గితే సరస్సుకు తగ్గుతుంది. అందుకని 2017 చివరి దాకా విడిగా కొంత నీరు వదలాలని, సరస్సును బాగుచేసే బాధ్యత రాష్ట్రానిదేనని రాసుకున్నారు. పదిహేనేళ్ళ గడువు అలా ఇచ్చారు. గడువు తీరేసరికి చెప్పుకోదగ్గ పని జరగలేదు.

నీరు వెనక్కి జరిగినకొద్దీ దశాబ్దాల పురుగుమందులు, ఆర్సెనిక్, సెలీనియం కలిసిన అడుగు బయటపడింది. అది ఎండి పొడి అవుతుంది. గాలి లేస్తే ఊళ్ళ మీదికి వస్తుంది. 2012 సెప్టెంబరులో సరస్సు అడుగు నుంచి లేచిన కుళ్ళు వాసన 240 కిలోమీటర్ల దూరంలోని లాస్ ఏంజెలెస్ దాకా పోయింది. అప్పుడు దేశమంతా సాల్టన్ పేరు విన్నది. దుమ్ముకు మాత్రం అంత దూరం పోయే శక్తి లేదు కాబట్టి వార్త కాలేదు. ఈ కౌంటీలో ఉబ్బసంతో అత్యవసర విభాగానికి చేరే పిల్లల రేటు రాష్ట్ర సగటుకు దాదాపు రెట్టింపు.

1987లో కూలీల కుటుంబాల మధ్య పుట్టిన కొమితే సివికో దెల్ వాయే అనే సంస్థ ఈ దుమ్మును లెక్కగట్టే పని తన నెత్తిన వేసుకుంది. ప్రభుత్వ గాలి కొలమానాలు కౌంటీ మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. శాస్త్రవేత్తల సాయంతో ఈ సంస్థ సుమారు 40 చోట్ల యంత్రాలు పెట్టింది. ఎక్కడ పెట్టాలో ఊళ్ళవాళ్ళనే అడిగింది. బడుల్లో గాలి నాణ్యత జెండాలు ఎగరేయించింది. ఆకుపచ్చ జెండా ఉంటే పిల్లలు బయట ఆడుకోవచ్చు. ఎర్రది ఎగిరితే ఆటల పీరియడ్ కూడా తరగతి గదిలోనే. ఉబ్బసం ఉన్న పిల్లలు అక్కడ వానకబురు చూసినట్టు జెండా రంగు చూస్తారు. నాకు ఈ మొత్తం ఉద్యమంలో అన్నిటికంటే విలువైన పని ఇదే అనిపిస్తుంది. తమకు జరుగుతున్న హానికి తామే లెక్క రాసి పెట్టుకున్న జనాన్ని ఏ అధికారీ "మీ ఊహ" అని పంపించలేడు.

ఇక ఇంధనం. ఈ లోయకు హరిత విద్యుత్ కొత్త కాదు. సాల్టన్ సరస్సు దక్షిణపు ఒడ్డున భూమి పొర పలచన. కిలోమీటరుకు పైగా దిగువన ఉప్పు ద్రవం 300 డిగ్రీలు దాటి మరుగుతుంటుంది. దాన్ని పైకి తెచ్చి, ఆవిరితో టర్బైన్లు తిప్పే కేంద్రాలు 1982 నుంచే ఉన్నాయి. ఇప్పుడు పదకొండు కేంద్రాలు కలిసి దాదాపు 400 మెగావాట్లు ఇస్తాయి. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టిన సంగతి తెలిసినవాళ్ళకు ఇదే పద్ధతి పెద్ద ఎత్తున అంటే అర్థమవుతుంది. 2010 తర్వాత లోయ పొలాల్లో సోలార్ ఫలకాలు పరుచుకున్నాయి. 2012లో సన్‌రైజ్ పవర్‌లింక్ అనే 188 కిలోమీటర్ల భారీ లైను కొండలు దాటించి సాన్ డియేగోకు కరెంటు మోయడం మొదలుపెట్టింది. నీళ్ళు పోయిన దారినే కరెంటూ పోయింది. సోలార్ కంపెనీ కౌలు భూస్వామికి చేరింది. కట్టేటప్పుడు కొన్ని నెలలు కూలి దొరికింది. కట్టడం అయ్యాక వేల ఎకరాల ఫలకాలను చూసుకోవడానికి కొద్దిమంది చాలు, అదే నేలలో లెట్యూస్ ఉన్నప్పుడు కోతకు బస్సుల నిండా మనుషులు దిగేవాళ్ళు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో, రేకుల ఇళ్ళలో ఏసీ ఆపుకుని బతకలేని కుటుంబానికి బిల్లు తగ్గలేదు.

ఆ మరిగే ఉప్పు ద్రవంలో లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా లిథియం ఉంది. చిలీలో లాగా చెరువులు కట్టి ఏడాది పైగా ఎండబెట్టనక్కర్లేదు, ఆస్ట్రేలియాలో లాగా కొండ తవ్వనక్కర్లేదు. ద్రవం ఎలాగూ పైకి వస్తోంది, లిథియాన్ని పట్టుకునే పదార్థం గుండా పంపి మిగతాది మళ్ళీ భూమిలోకి వదిలేయొచ్చన్నది ఆలోచన. చెప్పినంత తేలిక కాదు. ఆ ద్రవం సముద్రపు నీటికి ఏడు రెట్లు ఉప్పు, సిలికా, ఇనుము, జింకు, కొద్దిగా ఆర్సెనిక్, సీసం అన్నీ అందులోనే. వాటిని ముందు తీసెయ్యాలి, తీసిన బురదను ఎక్కడో పొయ్యాలి. కడగడానికి, చల్లార్చడానికి మంచినీళ్ళు కావాలి. సింబోల్ అనే కంపెనీ ఆశలు రేపి 2015లో మూతపడింది.

2020 తర్వాత మళ్ళీ ఊపు వచ్చింది. కంట్రోల్డ్ థర్మల్ రిసోర్సెస్ అనే కంపెనీ చేపట్టిన హెల్స్ కిచెన్ ప్రాజెక్టులో జనరల్ మోటార్స్, ఆ తర్వాత స్టెలాంటిస్ కార్ల కంపెనీలు డబ్బు పెట్టాయి. 2022 ఆగస్టులో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ దేశంలోనే దొరికే ఖనిజానికి, బ్యాటరీకి పన్ను రాయితీలు ఇచ్చింది. 2023 నవంబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల నివేదిక ఇక్కడ 34 లక్షల టన్నుల లిథియం ఉండొచ్చని లెక్కగట్టింది. 37 కోట్లకు పైగా కార్లకు బ్యాటరీలు చేసేంత. లోయకు "లిథియం వ్యాలీ" అని పేరు పెట్టేశారు.

ఈసారి లోయ జనం కాలువ నాటి జనం కాదు. 2020లోనే రాష్ట్ర శాసనసభ లిథియం వ్యాలీ కమిషన్ వేసింది. అందులో కంపెనీల పక్కన ఆదివాసీ తెగల ప్రతినిధులు, కొమితే సివికో నాయకుడు లూయిస్ ఒల్మెదో కూడా కూర్చున్నారు. 2022లో రాష్ట్రం ఒక పన్ను చట్టం చేసింది. మొదటి 20,000 టన్నులకు టన్నుకు 400 డాలర్లు, తర్వాతి 10,000 టన్నులకు 600, ఆపైన 800. వచ్చినదాంట్లో 80 శాతం లిథియం తీసిన కౌంటీకి, 20 శాతం సాల్టన్ సరస్సు బాగుకు. టన్ను లెక్కన పన్ను వద్దని, అమ్మకం ధరలో శాతంగా ఉండాలని కంపెనీలు గట్టిగా పట్టుబట్టాయి. శాసనసభ వినలేదు. టన్ను లెక్కయితే పక్కదారి పట్టించడం కష్టం. ధర ఎంతకు అమ్మామో కాగితాల మీద మార్చొచ్చు గానీ, ఎన్ని టన్నులు గేటు దాటాయో దాచడం అంత తేలిక కాదు.

అయితే ఆ మొత్తం ఎంతో కూడా చూడాలి. మొదటి 20,000 టన్నులకు వచ్చేది 80 లక్షల డాలర్లు, కౌంటీ వాటా 64 లక్షలు. తలకు పంచితే 35 డాలర్లు. ఉబ్బసం ఉన్న పిల్లకు ఇన్‌హేలర్ ఒకటి రెండు. పెద్ద ఎత్తున, ఏళ్ళ తరబడి తవ్వితేనే ఈ పన్ను ఊరి ముఖం మారుస్తుంది. పెద్ద ఎత్తున తవ్వితే నీళ్ళు, వ్యర్థం కూడా పెద్ద ఎత్తునే ఉంటాయి.

దాని మీదే 2024లో కోర్టుకెక్కారు. ఆ జనవరిలో కౌంటీ హెల్స్ కిచెన్‌కు అనుమతి ఇచ్చింది, వెంటనే శంకుస్థాపన అయింది. తొలి దశకే ఏటా 6,500 ఎకరా అడుగుల నీళ్ళు, అంటే పావు టీఎంసీ పైన. 135 టీఎంసీల లోయలో పావు ఎంత అనిపిస్తుంది. కానీ కొలరాడో ఏటా చిక్కిపోతోంది, ప్రతి చుక్కా ఇంకొకరి వాటా, చివరికి తగ్గేది సరస్సుకు చేరే నీరే. మార్చిలో కొమితే సివికో, ఎర్త్‌వర్క్స్ అనే పర్యావరణ సంస్థ కలిసి దావా వేశాయి. నీటి లెక్క, ప్రమాదకర వ్యర్థాలు, గాలి కాలుష్యం, తెగల పవిత్ర స్థలాలు సరిగ్గా పరిశీలించలేదన్నది వాదన. లిథియం వద్దని వాళ్ళు అనలేదు. ఊళ్ళోనే వాళ్ళ మీద విమర్శ వచ్చింది: ఉద్యోగాలు రాకముందే అడ్డుపడుతున్నారని. ఆ విమర్శ చేసినవాళ్ళు కూడా ఆ లోయ పిల్లల తల్లిదండ్రులే, వాళ్ళ ఆశను తీసిపారెయ్యలేం. ఇంపీరియల్ వ్యాలీ కాలేజీ అప్పటికే లిథియం ప్లాంటు పనులకు చిన్న కోర్సులు మొదలుపెట్టింది. పొలం కూలీల పిల్లలు వాటిలో చేరారు. 2025 మొదట్లో కౌంటీ కోర్టు దావాను కొట్టేసింది.

ఈలోగా వాషింగ్టన్‌లో గాలి మారింది. పర్యావరణ అన్యాయానికి గురైన వాడలకు హరిత పెట్టుబడుల ఫలంలో 40 శాతం చేరాలని 2021లో బైడెన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు, జస్టిస్40 అని దానికి పేరు. 2025 జనవరి 20న ట్రంప్ పదవి చేపట్టిన రోజే దాన్ని రద్దు చేశారు. అదే ఏడాది జులై 4న వచ్చిన చట్టం విద్యుత్ కార్ల కొనుగోలు రాయితీకి సెప్టెంబరు 30ని ఆఖరి తేదీ చేసింది. ఈ రద్దులకంటే ముందే లిథియం ధర కూలింది. 2022 చివర శిఖరానికి చేరిన ధర రెండేళ్ళలో అయిదో వంతు కంటే కిందికి పడిపోయింది. ఒడ్డున పనులు నత్తనడక నడుస్తున్నాయి, ఇంకా పరీక్షా యంత్రాల దశ దాటలేదు.

1933లో విల్బర్ ఉత్తరానికి పోయినది 160 ఎకరాల షరతు. అది చట్టంలో ఉన్నదే, అయినా పోయింది. చట్టంలో లేని జస్టిస్40 ఒక్క సంతకానికి పోవడంలో వింతేముంది? టన్నుకు 400 డాలర్ల పన్ను మాత్రం రాష్ట్ర చట్టంలో నిలిచే ఉంది. దాన్ని సడలించాలని రేపు ధర సాకుతో ఎవరో ఒకరు శాసనసభ గడప ఎక్కుతారు. డాక్టరు యెలెన్ కాలంలో అలాంటప్పుడు ఎదురు నిలిచింది ఒక ముసలి వైద్యుడు, కొందరు భూమిలేనివాళ్ళు. ఇప్పుడు నలభై యంత్రాల దుమ్ము లెక్కలు, కమిషన్ చర్చల రికార్డు, స్పానిష్‌లోనే నిలదీసే తల్లులు ఉన్నారు. సరస్సు దక్షిణపు ఒడ్డున 4,000 ఎకరాలకు పైగా చిత్తడి నేలను తిరిగి తడిపే పని రాష్ట్రం చేపట్టింది, సరస్సు కోసం 2022లో కేంద్రం ప్రకటించిన 25 కోట్ల డాలర్లు దానికి ఊతం. ఆ నీరు నిలిచిన మేరకు దుమ్ము లేవదు.

వచ్చే భాగంలో ప్వెర్టో రికో కొండల్లోని అద్హుంతాస్ పట్టణం. 2017లో మరియా తుఫాను దీవి మొత్తం చీకటి చేసినప్పుడు, కాసా ప్వెబ్లో అనే ఊరి సంస్థ కప్పు మీద మాత్రం సోలార్ దీపాలు వెలిగాయి. అక్కడ ఫలకాలు ఊరివాళ్ళవే.